కాల్చిన ఆకుకు మిఠాయి వేషం

వాదం మొదలుపెట్టే ముందే నా పక్షమేదో చెప్పడం మర్యాద. జపాను దేశంలో పుట్టిన హోజిచా అనే తేనీటికి పైనుండి మిఠాయి వాసన పట్టించి అమ్మడాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. ఏ తేనీటిలోనూ ఏదీ కలపరాదన్న ఛాందసం నాకు లేదు. అల్లం దంచి వేసిన టీ నాకూ ప్రీతిపాత్రమే. నా అభ్యంతరమల్లా ఒక్కటి. నిప్పు తనంతట తాను ఇచ్చిన పరిమళం మీద, ఆ పరిమళానికే అనుకరణను సీసాలోంచి తీసి పులమడం అసలును అవమానించడమే. ఆ అవమానంలో ఆకుతోపాటు మన నాలుక, చివరికి మన భాష కూడా నష్టపోతున్నాయని నా ఫిర్యాదు.

విషయం తెలియని మిత్రుల కోసం కొంత పూర్వకథ. 'హోజి' అంటే సెగ మీద వేయించడం, 'చా' అంటే తేయాకు. 1920ల ప్రాంతంలో క్యోటో నగరపు వర్తకులు అమ్ముడుపోని ముదురు ఆకులను, కాడలను పారవేయడానికి మనసొప్పక బొగ్గుల మీద వేయించి చూశారనీ, అలా ఈ తేనీరు పుట్టిందనీ సాధారణంగా చెప్పే చరిత్ర. కనజావా ప్రాంతంలో అంతకు ముందే, మెయిజీ కాలంలోనే (1868–1912), కాడలను వేయించి తాగే అలవాటు ఉంది. దానిని కాగా బోచా అంటారు. 'బో' అంటే పుల్ల. అంటే అది అక్షరాలా పుల్లల తేనీరు. 1983లో షోవా చక్రవర్తి ఆ ప్రాంతానికి విచ్చేసినప్పుడు ఆయనకు సమర్పించినది ఈ పుల్లల తేనీటినే. మచ్చా, గ్యోకురో వంటి మహారాజభోగాల సరసన ఒక పేదింటి పిల్లకు దక్కిన గౌరవమది.

రంగు చూస్తే హోజిచా ఎర్రగా, గోధుమవన్నెలో ఉంటుంది. అయినా దానిని ఆకుపచ్చ తేనీటి కుటుంబంలోనే లెక్కిస్తారు. కారణం ఉంది. మనం రోజూ తాగే టీ ఆకును కోసిన తరువాత నలిపి, గాలి సోకనిచ్చి నల్లబడనిస్తారు. జపానులో ఆకును కోసిన వెంటనే ఆవిరి పట్టి ఆ మార్పును ఆపేస్తారు. 1738లో నగతాని సోయెన్ అనే ఆయన ఉజి ప్రాంతంలో తీర్చిదిద్దిన సెంచా పద్ధతి అదే. అలా పచ్చగా నిలిచిన ఆకునో కాడనో తరువాత ఇంచుమించు 200 డిగ్రీల సెగ మీద వేయిస్తే హోజిచా అవుతుంది. జన్మ చేత పచ్చన, సంస్కారం చేత ఎర్రన అన్నమాట.

ఆ సెగలో ఏం జరుగుతుందో తెలిస్తే నా కోపానికి కారణం సగం తెలిసినట్టే. కాడలో థియనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కొద్దిపాటి చక్కెరలూ ఉంటాయి. ఈ రెండూ వేడిలో కలిసినప్పుడు కొత్త పరిమళ ద్రవ్యాలు పుడతాయి. 1912లో మెయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించిన చర్య ఇది. అందులో పుట్టే పైరజీన్లనే పదార్థాలే వేయించిన వేరుశెనగ గింజకూ, నువ్వులకూ, కాఫీ గింజకూ, కోకోకూ ఆ కమ్మటి వాసన ఇస్తాయి. వగరును, చేదును ఇచ్చే పదార్థాలు ఈ సెగకు తగ్గుతాయి. ముదురు ఆకులో, కాడలో కెఫీను మొదటే తక్కువ. అందుకే జపాను ఇళ్లలో రాత్రి భోజనం తరువాత పిల్లలకూ వృద్ధులకూ దీనినే పోస్తారు. సారాంశమేమిటంటే, లోకం మిఠాయిలో వెతుక్కునే ఆ పాకపు వాసన, ఆ వేపుడు కమ్మదనం హోజిచాలో పుట్టుకతోనే ఉన్నాయి. ఒక్క చక్కెర పలుకు లేకుండా ఉన్నాయి.

ఇంతటి దానికి ఇప్పుడు పట్టిస్తున్న వేషం పేరు 'క్రేమ్ బ్రూలే'. ఫ్రెంచి భాషలో దీనికి 'కాల్చిన మీగడ' అని అర్థం. మీగడ, గుడ్డు పచ్చసొన, చక్కెర కలిపి గట్టిపరచి, పైన చక్కెర చల్లి దానిని మంటతో కాల్చి పెంకులా చేస్తారు. మంచి మిఠాయే. దాని మీద నాకు ద్వేషం లేదు. ఆ పేరుతో వచ్చిన హోజిచా పొట్లమొకటి, ఏ కల్తీ లేని కాడల హోజిచా పొట్లమొకటి, రెండూ జపాను నుండి వచ్చినవి, పక్కపక్కన పెట్టుకుని రుచి చూశాను. తయారు చేసినవారి పేరు ఇక్కడ అప్రస్తుతం. ఇటువంటివి చేసేవారు ఒక్కరు కారు, నా తగవు ఒక్కరితో కాదు.

రెండింటినీ ఒకే కొలతతో పెట్టాను. కప్పుకు మూడు గ్రాములు, మరిగి దించిన నీళ్లు, అర నిమిషం. మిఠాయి పొట్లం విప్పీ విప్పకముందే వనిల్లా, వెన్న, పాకం కలిసిన వాసన గదంతా పరుచుకుంది. కాడల హోజిచా అలా కాదు. ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే తప్ప పలకలేదు. వేడినీళ్లు తగిలాక మాత్రం తన గొంతు విప్పింది. దోరగా వేగిన వేరుశెనగ, పేలాలు వేయించిన మూకుడు, ఎండు చెక్క, ఆ వెనక ఎక్కడో సన్నని తీపి. ఇవి ఒకేసారి రాలేదు. ఒకదాని వెనక ఒకటి, పిలిచినట్టు వచ్చాయి.

మొదటి గుక్క దగ్గర మిఠాయి హోజిచా బాగుందనే చెప్పాలి. ముక్కు దానిని మనసారా ఆహ్వానించింది. ఆ ఆహ్వానం అందుకుని నాలుక సిద్ధపడింది. అక్కడ తీపి లేదు, మీగడ లేదు, నీళ్లున్నాయి. ముక్కుకు విందు, నాలుకకు పస్తు. రెండో గుక్కకు ఆ వెలితి పెరిగింది. కప్పు చల్లారేసరికి వనిల్లా ఎగిరిపోయి, అడుగున నిస్సారమైన మాడు రుచి మిగిలింది. అదే ఆకుకు మళ్లీ నీళ్లు పోస్తే రెండవ కాపులో రంగు తప్ప ఏమీ దిగలేదు. కాడల హోజిచా చల్లారాక మరింత తియ్యనైంది. రెండవ కాపు మొదటిదానికన్నా పలుచన అయినా మాట తప్పలేదు. తేనీటిని పరీక్షించదలచుకున్నవారికి నా సలహా ఇదే. వేడిగా ఉన్నప్పుడు అందరూ పెద్దమనుషులే, చల్లారాక చూడండి.

ఆ పొట్లం మీద పాలు, చక్కెర కలుపుకుంటే మరింత బాగుంటుందన్న సూచన కూడా ఉంది. ఎందుకుండదు? వాసన చేసిన వాగ్దానాన్ని తీర్చడానికి చక్కెర రావాల్సిందే. చక్కెర లేని మిఠాయి అనీ, మధుమేహం ఉన్నవారికి వరమనీ ఇటువంటి వాటిని పొగిడేవారు ఈ సంగతి ఆలోచించాలి. తీపి వాసన చూపి తీపి ఇవ్వకపోతే నాలుక ఊరుకోదు, చెంచా వైపు చెయ్యి చాపుతుంది. ఏ తీపినీ వాగ్దానం చేయని కాడల హోజిచా దగ్గర ఆ పేచీయే లేదు. తీపి మానుకోవలసినవారికి నిజమైన స్నేహితురాలు అది.

ఇక ప్రతిపక్షం వారి వాదాలు. మొదటిది: "తేనీటికి వాసన కట్టడం కొత్తదా? మల్లె తేనీరు లేదా? వేయించిన బియ్యం కలిపిన గెన్మైచా జపానువారిదే కదా? మీ అల్లం టీ మాటేమిటి?" ఇది మంచి ప్రశ్న, కనుక సమాధానమూ శ్రద్ధగా చెప్పాలి. చీనాలోని ఫుజౌ ప్రాంతంలో మల్లె తేనీరు చేసేవారు రాత్రి పూట విచ్చుకునే మొగ్గలను ఆకుతో కలిపి ఉంచి, తెల్లవారాక పూలను ఏరివేసి, మళ్లీ కొత్త పూలతో అదే పని పలుమార్లు చేస్తారు. అక్కడ పువ్వు ఉంది, ఆకు ఉంది, వాటి మధ్య గడిచిన రాత్రులున్నాయి. గెన్మైచాలో కంటికి కనబడే బియ్యపు గింజ ఉంది. మన టీలో అల్లం ముక్క ఉంది. కలిసినవి రెండూ నిజాలు. మిఠాయి హోజిచాలో మీగడ లేదు, పచ్చసొన లేదు, కాల్చిన చక్కెర లేదు. వాటి పేరు ఉంది, వాటి వాసన ఉంది. కలపడం వేరు, నటించడం వేరు.

ఆ వాసన ఎక్కడిదంటారా? వనిల్లా కాయలోని ప్రధాన పరిమళ ద్రవ్యం వనిల్లిన్. దానిని 1874లోనే జర్మనీ శాస్త్రజ్ఞులు టీమన్, హార్మన్ పైను చెట్టు నుండి వచ్చే పదార్థంతో కృత్రిమంగా తయారుచేశారు. నేడు లోకంలో వాడే వనిల్లా వాసనలో అత్యధిక భాగం కాయ ముఖం ఎరుగనిదే. కృత్రిమమైనంత మాత్రాన విషమని నేను అనడం లేదు. బిస్కత్తులో ఉంటే ఉండనీండి. కానీ హోజిచాకు దానితో పనేమిటన్నదే నా ప్రశ్న.

ఈ తగవు కూడా కొత్తది కాదు. ఎనిమిదవ శతాబ్దంలో తేనీటి మీద తొలి సమగ్ర గ్రంథం రచించిన చీనా పండితుడు లూ యూ, తన కాలంలో జనం తేయాకుతోపాటు ఉల్లి, అల్లం, రేగుపళ్లు, నారింజ తొక్క వేసి మరిగించడాన్ని తీవ్రంగా నిందించాడు. చిత్రమేమంటే ఆయన కూడా తన తేనీటిలో చిటికెడు ఉప్పు వేసేవాడు. దీనిని పట్టుకుని ఆయన మాటకూ చేతకూ పొంతన లేదని ఎగతాళి చేయవచ్చు. నాకు అలా తోచదు. ఆయన లెక్కలో ఆకు మాట వినబడేలా చేసే చేర్పు ఒకటి, ఆకు నోరు మూసే చేర్పు మరొకటి. ఆ విచక్షణ పన్నెండు వందల ఏళ్ల నాడే ఉంది.

నాకు చదువు చెప్పిన అలంకారశాస్త్రం ఇంకా సూటిగా చెబుతుంది. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఒక గీటురాయి ఇచ్చాడు. కవి వేరే ప్రయత్నం చేయకుండా, రసం పుట్టే ఊపులోనే దానితోపాటు పుట్టిన అలంకారమే రసకావ్యానికి తగినదని ఆయన అభిప్రాయం. పద్యం పూర్తయ్యాక తెచ్చి అతికించిన యమకం ఎంత మిరుమిట్లు గొలిపినా రసానికి అడ్డే. హోజిచాలోని పాకపు వాసన మొదటి కోవది. సెగ తగిలిన క్షణంలో, వేరే ప్రయత్నం లేకుండా, రంగుతోపాటు పుట్టినది. సీసాలోంచి చిలకరించిన పాకపు వాసన రెండవ కోవది. పైగా అది పునరుక్తి కూడా. ఉన్న గుణాన్నే నకలుగా మళ్లీ పెట్టారు. గొంతు బాగున్న గాయకుని పక్కన అదే పాట రికార్డు వేసినట్టుంది.

రెండవ వాదం: పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఎవరికి నచ్చినది వారు తాగుతారు, పంతులుగారికెందుకు? నిజమే, తాగవద్దని నేను శాసించలేను, శాసించను. అయితే ఈ సామెతను చర్చ ముగించడానికి వాడేవారు ఒక విషయం మరుస్తున్నారు. రుచి పుట్టుకతో వచ్చేది కొంత, నేర్చుకుంటే వచ్చేది కొంత. తీపి ఎవరూ నేర్పనక్కరలేదు, చంటిబిడ్డకూ తెలుసు. వగరు నేర్చుకోవాలి. మన పెద్దలు షడ్రుచులలో కషాయాన్ని, అంటే వగరును, ఒక రుచిగా లెక్కించి ఉగాది పచ్చడిలో మామిడి పిందె రూపంలో పిల్లల నోట పెట్టారు. జపానువారు కూడా వగరును మెచ్చుకోవడానికి ప్రత్యేకంగా మాట పెట్టుకున్నారు: షిబుయి. ఆ మాటను నిరాడంబరమైన అందానికి కూడా వాడతారు. వగరులో అందం చూడగలిగిన సంస్కారం అది. నేర్చుకోవలసిన ప్రతి రుచినీ చంటిబిడ్డకు తెలిసిన తీపిలోకి దించితే, ఇక జిహ్వకో రుచి ఎక్కడిది? జిహ్వలన్నిటికీ ఒకటే రుచి మిగులుతుంది. ఆ సామెత నిజానికి నా పక్షాన సాక్షి.

మూడవ వాదం అన్నిటికన్నా గడుసుది. "హోజిచా ఐస్‌క్రీము, హోజిచా పుడ్డింగు జపానువారే చేస్తున్నారు. మరి మిఠాయి హోజిచాకు అభ్యంతరమేమి?" ఇక్కడ కర్త, కర్మ తారుమారయ్యాయి. ఐస్‌క్రీములో హోజిచా పడినప్పుడు మిఠాయికి తేయాకు గుణం అబ్బింది. దాని తీపిని వగరు, వేపుడు వాసన అదుపులో పెట్టాయి. అది తేయాకుకు గౌరవమే. మిఠాయి హోజిచాలో తేయాకు తన గుణాన్ని వదులుకుని మిఠాయికి మోత కూలీ అయింది. జపాను సంప్రదాయంలో తేనీటి గోష్ఠిలో వగాషి అనే మిఠాయిని ముందు తిని, నోట్లో ఆ తీపి ఉండగానే తేనీరు తాగుతారు. తీపి, వగరు ఒకదానికొకటి జోడు. తేనీటినే మిఠాయి చేస్తే ఆ జోడు విడిపోతుంది. 'డెజర్ట్' అన్న మాటకు మూలమైన ఫ్రెంచి ధాతువుకు అర్థం వడ్డించిన బల్లను ఖాళీ చేయడమని. భోజనపాత్రలు తీసివేశాక పెట్టేది కనుక ఆ పేరు. మిఠాయి కూడా ముగిశాక నోరు తేలికపరచేది హోజిచా. దానికే మళ్లీ మిఠాయి వేషమంటే, తుడిచిన బల్ల మీద మళ్లీ ఎంగిలి పళ్లెం పెట్టినట్టు.

ఇదంతా ఒక కప్పు తేనీటి కోసమా అని మీరు నవ్వుకోవచ్చు. ఆ కప్పు వెనక ఒక మనిషి ఉన్నాడు. జపానులో తేయాకు దుకాణాలు కొన్ని ఇప్పటికీ వాకిట్లోనే ఆకు వేయిస్తాయి. వీధిలో పోయేవారిని ఆ వాసనే లోపలికి పిలుస్తుంది. ఎప్పుడు దించాలో ఆ వేయించేవానికి ముక్కు చెబుతుంది. ఒక క్షణం ముందైతే పచ్చి, ఒక క్షణం తరువాతైతే మాడు. ఆ మధ్యనున్న సన్నని గీతే అతని విద్య. 2024 చివరలో మచ్చాకు గిరాకీ ఎంత పెరిగిందంటే, క్యోటోలో తరతరాల పేరున్న దుకాణాలు సైతం మనిషికి ఇంతేనని కొలత పెట్టవలసి వచ్చింది. ఆ వెర్రి హోజిచా వైపూ తిరుగుతున్నది. గిరాకీ పెరిగితే మంచి వేయింపుకు మంచి ధర రావాలి. కానీ వాసన సీసాలోంచి వచ్చేటప్పుడు మంచి కాడతో పని లేదు, వేయించేవాని ముక్కుతో పని లేదు. నాసిరకం ఆకును మాడబెట్టి పైన వనిల్లా కొడితే సరి. నేను తాగిన రెండవ కాపు నాకు చెప్పినది అదే. పనికిరాదనుకున్న కాడను విద్యతో పైకి తెచ్చిన తేనీటిని, ఏ విద్యా అక్కరలేని సరుకుగా దించుతున్నారు.

ఇక భాష మాట. తేనీళ్ల గురించి రాసే మనవారు కూడా 'కారమెల్ నోట్సు', 'నట్టీ ఫ్లేవరు' అని సరిపెట్టుకుంటున్నారు. మన వంటింటి భాష అంత బీదదా? పచ్చి వాసన, దోర వేపు, ఎర్ర వేపు, కమరు, మాడు: సెగకు ఇన్ని మెట్లు మనకున్నాయి. పాకానికి లేత, తీగ, ఉండ, ముదురు అని మరిన్ని మెట్లున్నాయి. కమ్మదనానికీ తీపికీ తేడా తెలిసిన భాష మనది. నేతిలో తీపి లేదు, కమ్మదనం ఉంది. హోజిచాకు కావలసిన మాట సరిగ్గా అదే. దోరగా వేగిన కాడ కమ్మదనం. ఈ మాటలు బతకాలంటే ఈ తేడాలు నాలుకకు తగులుతూ ఉండాలి. అన్నిటికీ వనిల్లా పూస్తే మాటలు ఎవరికోసం మిగులుతాయి?

కనుక మిత్రులకు నా విన్నపం. డబ్బు పోసి మిఠాయి హోజిచా కొనవద్దు. ఇంట్లో పాతబడి వాసన తగ్గిన ఆకుపచ్చ తేయాకు ఉంటే చాలు, చక్కెర పూత, వాసన పూత లేనిదై ఉండాలి. జపాను ఇళ్లలో ఇందుకు హోరోకు అనే పిడి ఉన్న మట్టి పెనం వాడతారు. మన మట్టి మూకుడైనా, నూనె జిడ్డు లేని ఇనుప బాణలి అయినా సరిపోతుంది. చిన్న సెగ మీద పొడిగా వేడి చేసి, గుప్పెడు ఆకు వేసి, చెయ్యి ఆపకుండా కదుపుతూ ఉండండి. పచ్చదనం గోధుమవన్నెకు తిరిగి, తెల్లని సన్నని పొగ లేవబోతుండగా దించి, వెంటనే చల్లని పళ్లెంలోకి ఒంపండి. బాణలిలో వదిలితే ఆ వేడికే మాడుతుంది. మరిగిన నీళ్లు పోసి అర నిమిషం ఆగి వడకట్టండి. చక్కెర వద్దు, పాలు వద్దు. సగం వేడిగా తాగి, సగం చల్లారనిచ్చి తాగండి.

ఆ తరువాత కూడా వనిల్లా పూసినదే మేలని తోచినవారు ఇక్కడ వ్యాఖ్య రాయండి. వాదానికి నేను సిద్ధం. కాకపోతే ఒక్క షరతు, మీ కప్పు చల్లారాక రాయండి.